ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి

"అమ్మమ్మా, నువ్వు చెప్తావే అమెరికా కార్ల పందేలు, ఆ ఏడాదివన్నీ ఫోన్లో దొరికాయి. చివరికి ఎవరు గెలిచారో చెప్పనా?"

ఒలే, సెప్పకు. బోర్లించు ఆ ఫోను. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఇంకో గంట ఆగలేనేటి? ముందు నా మాట ఇను, తర్వాత నీ ఫోను.

అప్పటికి మన షెడ్డు వన్ టౌన్ నుంచి హార్బరుకి దిగే రోడ్డు మీద, లారీ స్టాండు పక్కన ఉండీది. షెడ్డంటే ఏటనుకున్నావు, నాలుగు సరుగుడు కర్రలు, పైనా ఎనకా తారు డబ్బాలు సాగ్గొట్టిన రేకులు. మీ తాతది టైర్ల పని. ఓడల్లో దిగిన ఎరువూ గోధుమలూ మోసే లారీలన్నీ మా ముందే నిలబడీవి. స్టాండులో టీ అప్పుడు ఇరవై పైసలు. కాదు కాదు, పదిహేను. ఇరవై అయింది మీ అమ్మ పుట్టేక. నాను అయిదు దాకా సదివినాను. మానీసినాననకు, మా నాన్న మాన్పించీసినాడు. అందుకే కనపడిన కాయితం వదల్లేదు. పకోడీ పొట్లం విప్పితే పకోడీ సల్లారిపోవలసిందే, నాను ముందు ఆ కాయితం సదవాల.

మీ తాత అతుకేసిన ట్యూబులు సుట్టడానికి పాత కాయితాలు కిలోల్లెక్కన తెచ్చీవోడు. ఓడలోళ్ళు సదివి పారేసిన ఇంగ్లీషు పుస్తకాలు కూడా ఆ కట్టల్లో వచ్చీవి. అలగ దొరికింది నాకు ఆ పందేల నెల పుస్తకం. మెరుపు కాయితం మీద రంగు బొమ్మ, గుండ్రంటి రోడ్డు, నలభై కార్లు. సూడ్డానికి ఎవరింటి ముందైనా ఉండే కారు లాటివే, లోపల మాత్రం పందేనికని మార్చుకున్నవి. గిర్రుమని ఎడం సేతి వైపే తిరుగుతాయి. అయిదొందల మైళ్ళు, ఎడం వైపే! ఇదేటి గానుగెద్దు బతుకు అనుకున్నాను మొదట. మూడు రూపాయలెట్టి పాత డిక్షనరీ ఒకటి కొన్నాను. ఒక పేజీకి నెల పట్టింది. తర్వాత వారం. తర్వాత మీ తాత "అన్నం పెట్టవేటే" అని అడిగే దాకా వచ్చింది.

అందులో నాకు నచ్చింది ఏటంటే, అది ఒక్క పందెం కాదు. జనవరిలో మొదలెట్టి నవంబరు దాకా ముప్పై. ఆదివారానికో ఊరు. గెలిచినోడికే కాదు, ఎనకొచ్చినోళ్ళకి కూడా పాయింట్లుంటాయి. ఏడాది తిరిగేసరికి అన్నీ కూడి ఎవడికెక్కువైతే ఆడు పెద్ద. దాన్ని సీజనంటారు. మరి నాకేమో పుస్తకాలు ఓడల దయ. అక్టోబరుది ముందొచ్చింది, మే నెలది దాని ఎనక. షెడ్డు రేకు మీద సుద్దముక్కతో వరస గీసుకుని, వచ్చినదాన్ని వచ్చినట్టు నింపీదాన్ని. నవంబరు గడి ఖాళీ. ఆ పుస్తకం రానే లేదు.

ఆ పందేల్లో నావోడొకడు ఉండీవాడు. ఆకుపచ్చ కారు. కంపెనీల డబ్బు లేదు, సొంత సేత్తో బాగుసేసుకుని, సొంత లారీ మీద ఎక్కించుకుని ఊరూరా తిరిగీవోడు. గెలిచింది లేదు. తొమ్మిదో, పన్నెండో, ఓపాలి ఇంజను కాలిపోయి మొదటి గంటలోనే ఇంటికి. మళ్ళీ ఆదివారం ఇంకో ఊళ్ళో అదే కారు. ఆడి పెళ్ళాం బొమ్మేసినారు ఒకసారి. లారీ టాపు మీద ఎండలో కూకుని, మెళ్ళో గడియారం, ఒళ్ళో కాయితం. మొగుడు ఎన్ని సుట్లు తిరిగినాడో లెక్కెడతాది. ఎందుకు టాపెక్కింది? మొన్నమొన్నటి దాకా సక్రాలు మార్చే సోటికి ఆడదాన్ని రానిచ్చీవోరు కాదని రాసుంది కింద. అమెరికా అమెరికా అంటారు, అక్కడా ఇదే గోల. ఆ బొమ్మ సింపి రేకుకి అంటించినాను.

ఆ ఏడాదే మీ తాత సెయ్యి పోయింది. లారీ రిమ్ముకి ఇనప రింగొకటి ఉంటాది, టైరు జారిపోకుండా పట్టుకునేది. గాలి కొడతంటే అది ఎగిరి కుడి సెయ్యి మీద తగిలింది. ఎముక అతికింది గాని పట్టు రాలేదు.

స్టాండులో మరి కాయితాలూ పట్టాలూ ఉండవు. సక్రం బిగించగలిగినోడిదే సోటు, అదీ అక్కడి మాట. నెల తిరక్కుండానే లారీలోళ్ళ పెద్ద అప్పన్న వచ్చినాడు. మీ తాత ఆయన్ని బావా అనీవాడు, నాకు అన్నయ్య వరస.

"బావా, సింహాచలం అడుగుతున్నాడు ఈ సోటు. నీకూ ఏదో దారి సూపిస్తాంలే," అన్నాడు. సింహాచలమంటే స్టాండులో సక్రాలు బిగించీవోడే ఇంకొకడు. మీ తాత తల దించుకున్నాడు. నాను దించలేదు.

"సోటెవరిదన్నయ్యా?"

"సక్రం బిగించినోడిదమ్మా."

"నాను బిగిస్తాను."

టీ తాగతన్నోళ్ళందరూ నవ్వినారు. సింహాచలమైతే, "వదినా, ఇది దోసె తిరగెయ్యడం కాదు," అన్నాడు. "అవును, దోసె మాడితే తెలుస్తాది, నీ బిగింపు ఊడేదాకా తెలీదు," అన్నాను. అంతే, పందెం పడింది. రెండు లారీలు పక్కపక్కన, సెరో ఎనక సక్రం. ఓడిపోతే రేకులు దించుకుని పోతానన్నాను. అన్నాను, ఒప్పుకుంటాను.

పదిహేను రోజులు టైముంది. మా ఆడబడుచు పైడమ్మని పిలిసినాను. మీ తాత సెల్లెలు, హార్బర్లో సేపల గంప మోసీది, జబ్బలు సూస్తే మొగోళ్ళు పక్కకి జరిగీవోరు. పుస్తకంలో ఎలగుందో అలగే పని పంచినాను. అక్కడ ఒక్కొక్కడికి ఒక్కటే పని, ఒకడి సెయ్యి ఇంకొకడికి అడ్డు రాదు. జాకీ నాది, సక్రం లాగడం పైడమ్మది. మీ తాతని డ్రమ్ము మీద కూకోబెట్టి, ఇంట్లో అలారం గడియారానికి తాడు కట్టి మెళ్ళో ఏసినాను. అక్కడ మొగుడికి పెళ్ళాం లెక్కెడితే, ఇక్కడ పెళ్ళానికి మొగుడు. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత అరవడం మొదలెట్టినాడు. "ఒలే, రెండు నిమిషాలు! నిద్రపోతన్నారేటే ఇద్దరూ!"

ఇంకో కిటుకుంది ఆ పుస్తకంలో. కొత్త సక్రం కన్నాల మీద ముందే నట్లు జిగురెట్టి అంటించీసుకుంటారు. సక్రం తోస్తే నట్లు వాటి సోట్లో అవే ఉంటాయి, పానా పెట్టి తిప్పడమే. జిగురు నాకెక్కడిది? పంచర్ సొల్యూషన్ లేదేటి? దాంతో అంటించినాను. మీ తాత నోరెళ్ళబెట్టినాడు.

ఇక్కడే మరి నా బుర్ర మట్టి కొట్టుకుపోయింది. ఎడం వైపే తిరిగే కార్లకి కుడి టైర్లు బేగి అరుగుతాయి, అందుకని పుస్తకంలో ఏ బొమ్మ సూసినా కుడి పక్కే మారుస్తన్నారు. నానూ పదిహేను రోజులు కుడి పక్కే మార్చినాను. పందెం రోజు పొద్దున్న కూడా కుడి నట్లే అంటించినాను. అప్పన్న వచ్చి, ఎండ సూసుకుని, "నీడ ఎడం పక్కుంది, ఎడమ సక్రాలే కానియ్యండి," అన్నాడు.

ఆ కాలం లారీలకి ఎడం పక్క నట్లు తిరగేసి తిరుగుతాయి. కుడివి అక్కడ పట్టవు. నాకు తెలీదేటి? కళ్ళు మూసుకున్నా తెలుసు. కాని ఆ గడియారం టిక్కు టిక్కు మంటంటే తెలిసినదంతా ఎటో పోయింది. పాత సక్రం ఊడదీసినాం, పైడమ్మ కొత్తది ఎక్కించీసింది, సింహాచలం ఇంకా సగంలోనే ఉన్నాడు. పానా తిప్పితే నట్టు పట్టదు. ఇంకోటి, పట్టదు. "వదినా, కుడివే!" అని పైడమ్మ అరిసింది. సుత్తి తీసి పదింటికి పది కొట్టి రాల్చినాను, సొల్యూషన్ సాగి బంక బంకగా సేతులకి సుట్టుకుంది. సట్టిలో ఏసిన పాత నట్లు ఏరి మళ్ళీ మొదటినించి బిగించినాను. సింహాచలం లేచి సేతులు దులుపుకున్నాడు. ఆడికి పదకొండు నిమిషాలు, నాకు పద్నాలుగు.

"రేకులు ఎప్పుడు దించుతావు వదినా?" అన్నాడు.

"ఎందుకు దించాల?"

"ఓడిపోనావు కదా!"

"ఓడిపోనాను. ఇది మొదటిది. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి."

అప్పన్నకి కోపం వచ్చింది. "మాటంటే మాట కాదేటమ్మా?"

"మాట తప్పతన్నాను అన్నయ్యా, మీ అందరి ముందే తప్పతన్నాను. సింహాచలం గంటసేపు బిగించిన రోజులున్నాయి, ఆడికెప్పుడైనా పందెం పెట్టినారా? మీ తాగుబోతు క్లీనర్లకి పెట్టినారా? నాకొక్కదానికే పెట్టినారు. పెడితే సక్రంగా పెట్టండి, ముప్పై పెట్టండి. అదిగో రేకు మీద గడులు గీసే ఉన్నాయి. వచ్చే ఆదివారం రెండోది."

పైడమ్మ పానా బుజానేసుకుని కర్ర పక్కన నిలబడింది. "రేకు దించే మొగోడెవడో రండి, మొగం సూస్తాను." ఒక్కడూ కదల్లేదు.

అప్పుడు లోడుతో ఉన్న డ్రైవరొకడు, పేరు గుర్తు లేదు, పార్వతీపురం వైపోడు, నెమ్మదిగా అన్నాడు. "అప్పన్న బావా, ఈళ్ళు రెండుసార్లు బిగించి పద్నాలుగు. ఆడు ఒక్కసారికి పదకొండు. హార్బరు గేటు కాడ లైను తప్పితే నాకు మళ్ళీ రేపే. నా లారీ ఎవరికియ్యాల, నువ్వే సెప్పు." అప్పన్న ఆ లారీని మా ముందుకే పంపి బీడీ ముట్టించుకున్నాడు.

రెండో ఆదివారం ఎనిమిది నిమిషాలు. సింహాచలం వచ్చినాడు, మూడోదానికీ వచ్చినాడు, నాలుగోదానికి కడుపు నొప్పన్నాడు. సెడ్డోడు కాదు మరి, తర్వాత ఆడూ నట్లు అంటించడం నేర్సుకున్నాడు. ఎడమవాటికి ఎర్ర రంగు, కుడివాటికి తెలుపు. ఆ రంగు నా బుర్రలోదే. రోడ్డు ఎడల్పు సేసి అందరి షెడ్లూ తీసీసిన రోజు దాకా ఆ సోటు మనదే.

సరే, తియ్యి ఫోను. గెలిచినోడి పేరు నాకొద్దు. నావోడి పేరు స్పెల్లింగు సెప్తాను, కొట్టు. నవంబరు పందెంలో దిగినాడా లేదా, అదొక్కటి సూడు.

"దిగాడు అమ్మమ్మా. ఇరవై మూడో..."

ఆపు! ఎన్నోవోడైతే నాకేటి. దిగినాడు కదా. తెలుసు నాకు, దిగుతాడని తెలుసు.

టాపు మీద కూకుని ఆయమ్మ లెక్కెట్టిందా లేదా, అది ఉండదు కదా అందులో? ఉండదులే. ఎవడు రాస్తాడు. అందుకే నీకు సెప్తన్నాను, నువ్వు రాయి. సల్లగుండు తల్లీ. నీకున్నది ఒక్క పందెమే అని ఎవడైనా అంటే, నమ్మకు, గడులు నువ్వే గీసుకో. ఆ మంచం కిందకి వంగు ఓపాలి, గోనె గుడ్డలో సుట్టి పానా ఉండాల... రెండు సేతుల్తో పట్టుకో, బరువు... ఆఁ, అదే. దాని పిడి మీద సూడు, ఇంకా బంక ఉందా...