బోర్డు మీద సుందరి రాసిన వాక్యం

‘పోలిరాజు కూతురు ఇవాళ్టి నుంచి మన యూనియన్ కూతురు. ఆ పిల్ల ఎంతవరకు చదువుతానంటే అంతవరకు మనం చదివిద్దాం.’

ఈ మాట అన్నది ఎవరు గవరయ్య బాబాయ్? నువ్వే కదా! పోలిరాజు మావ మీద ఎర్రజెండా కప్పి, రేవులో క్రేను గొలుసు తెగి ఆయన పడ్డచోట నెత్తురింకా ఆరకముందే, మైకు పట్టుకుని అన్నావు. నాలుగేళ్ళయింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. శవం ముందు చప్పట్లేటిరా అని మా అమ్మ నన్ను తిట్టింది కూడాను.

మరి ఇప్పుడేటి చేసేవు?

లేదు, కూర్చోను. టీ వద్దు. నీ యూనియన్ ఆఫీసులో చాలా టీలు తాగేను, అవే నా నోరు కట్టేసేయి. ఇవాళ నా మాట విను.

దాలమ్మ అత్త మూడుసార్లు వచ్చింది నీ గుమ్మానికి. పోలిరాజు మావ పోయేక ఒంటరైన మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఖిదిర్‌పూర్ బజారులో చేపలమ్మి, ఆ బుట్టతోనే వచ్చింది. దేనికి? ఒక్క చీటీకి! ‘ఈ పిల్ల మా మనిషే, పని చేసిపెట్టండి’ అని రెండు ముక్కలు, నీ సంతకం, పార్టీ లోకల్ కమిటీ ముద్ర. ఆవిడ కూతురు సుందరి నర్సింగు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాలంటే కౌన్సిలరు ఆఫీసులో నివాసం సర్టిఫికెట్టు ఇవ్వాలి. నీ చీటీ చూడందే అక్కడి గుమాస్తా తలెత్తడు. అలాంటి చీటీ ఏ చట్టంలో ఉంది బాబాయ్? చట్టంలో లేదు, మన వాట్‌గంజ్ పేటలో ఉంది. ఆసుపత్రిలో మంచానికి చీటీ, రేషన్ కార్డుకి చీటీ, వీధి కుళాయి బాగుచెయ్యడానికి చీటీ.

మొదటిసారి మీటింగన్నావు. రెండోసారి ముద్ర లేదన్నావు. మూడోసారేమో, ‘మీ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చేసింది కదా దాలమ్మా, ఇంక మా చీటీ దేనికి?’ అన్నావు. దాలమ్మ అత్త పిచ్చిది, నువ్వు మెచ్చుకున్నావనుకుంది! ఇంటికొచ్చి కూతురికి చెప్పి నవ్వింది. సుందరి నవ్వలేదు.

‘మల్లేశూ, గొంతు తగ్గించు’ అంటావేటి? గొంతెత్తడం నేర్పింది నువ్వు. అన్యాయం చూసి ఊరుకున్నవాడు అన్యాయం చేసినవాడితో సమానం అని పార్టీ క్లాసులో ఎన్నిసార్లు చెప్పలేదు? అవన్నీ జూట్ మిల్లు యజమానుల కోసమేనా? మన గదిలో చెల్లవా?

నేను మన పిల్లలకి ఇంగ్లీషు క్లాసు పెట్టడమే తప్పంటున్నావు చూడు, దానికీ జవాబు చెప్తాను. నేను ఒకటో తరగతిలో చేరేనాటికి మన పార్టీ సర్కారు ప్రైమరీ బళ్ళో ఇంగ్లీషు తీసేసింది. మాతృభాష తల్లిపాలన్నారు. మంచి మాటే! నీ భుజాలెక్కి ఊరేగింపులో నేనూ అరిచేను. కానీ ఎవరి తల్లి బాబాయ్? మా అమ్మ జగ్గమ్మకి వచ్చింది తెలుగు. బళ్ళో నాకు పోసింది బెంగాలీ. నా తెలుగేమో ఇంటి గడప దాటలేదు, ఇంగ్లీషు గడప ఆరో తరగతి దాకా నేను ఎక్కలేదు, తర్వాత పాత పుస్తకాలు పట్టుకుని సొంతంగా పాకేను. ఇప్పుడు ప్రైమరీలో ఇంగ్లీషు మళ్ళీ పెడుతున్నారు. సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఆఫీసులు లేస్తున్నాయి కదా! మంచిదే. మరి మధ్యలో పోయిన మమ్మల్ని ఏ తీర్మానం పెట్టి వెనక్కి తెస్తారు?

మీ అబ్బాయి రఘురాం మాత్రం టై కట్టుకుని కాన్వెంటుకి వెళ్ళేడు. ‘అది మీ పిన్ని పట్టుదల’ అంటావు. పిన్నికున్న పట్టుదల దాలమ్మ అత్తకి ఉండకూడదా?

ఆ క్లాసులో ఏం జరిగిందో నీకెవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. ఆదివారం పొద్దుట, యూనియన్ హాల్లో, పదకొండుమందిమి. తాళంచెవి ఇచ్చింది నువ్వే. పాత పుస్తకంలో పాఠం పాలనా పద్ధతుల మీద. రాచరికం, నియంతృత్వం, ప్రజాస్వామ్యం. వాటి గురించి షరతు వాక్యాలు కట్టాలి. ఇఫ్, అన్‌లెస్, ఈవెన్ ఇఫ్, ప్రొవైడెడ్ దట్. రాజు మంచివాడైతే ప్రజలు సుఖపడతారు, ఇలాంటివి. నెల్రోజులు గింజుకున్నా ఒక్కరికీ ఎక్కలేదు. చివరికి గోవిందరాజు లేచి, ‘మాస్టారూ, ఈ రాజుగారు ఏ కమిటీ?’ అన్నాడు. పొట్టలు పట్టుకుని నవ్వేం.

అప్పుడు తట్టింది నాకు. పుస్తకం మూసేసి, మీకు తెలిసిన రాజ్యం గురించి చెప్పండర్రా అన్నాను.

ఇంకేటి! వరద! ఊరేగింపుకి వెళ్తే రేషన్ కార్డు వస్తుంది, అది ఇఫ్. వెళ్తే తప్ప రాదు, అది అన్‌లెస్. వెళ్ళినా రాకపోవచ్చు, అది ఈవెన్ ఇఫ్! నోరెత్తకూడదన్న షరతు మీద నీకు మాట్లాడే హక్కు ఉంది, ఇది ప్రొవైడెడ్ దట్. నెల్రోజులు నోరు తిరగని మాటలు ఒక్క పూటలో పట్టుబడ్డాయి బాబాయ్. మన రేవు పిల్లలు ఇంగ్లీషులో కోప్పడటం జన్మలో మొదటిసారి చూసేను. ఒళ్ళు పులకరించింది.

చివర్న బోర్డు మీద ఒక ఇంగ్లీషు వాక్యం మిగిలిపోయింది. ‘గవరయ్య చీటీ రాస్తే తప్ప, ప్రజాస్వామ్యంలో కూడా ఎవరికీ జబ్బు చెయ్యకూడదు.’

తుడవడం మరిచేం. మర్నాడు అదే హాల్లో నీ మీటింగు. జిల్లా కమిటీ నుంచి వచ్చిన నాయకుడు దాదా దాన్ని పైకి చదివి, అందరి ముందు నీకు అర్థం చెప్పి నవ్వేడట. తెలుసు బాబాయ్, నీకు తలకొట్టేసినట్టయింది. పదమూడేళ్ళకి బస్తా భుజానికెత్తుకున్న మనిషివి, నీకు ఇంగ్లీషు ఎవరు చెప్పేరు? ఆ నవ్వు నవ్వినవాడిని ఏమీ అనలేకపోయేవు. తండ్రి లేని పిల్ల దొరికింది.

ఏటన్నావు?

‘పేరు చెప్పింది నువ్వే కదా’ అంటావు. అను, ఇంకోసారి అను.

అవును. నన్ను పిలిచేవు. ఎవరు రాసేరన్నావు. సుందరి అన్నాను. అబద్ధం కాదు, సుద్దముక్క ఆ పిల్ల చేతిలోనే ఉంది. మా క్లాసు పద్ధతి అది, నేను పలుకుతాను, వంతు వచ్చినవాళ్ళు బోర్డు మీద రాస్తారు. ఆ వాక్యం పలికింది నేను. ప్రతి మాటా నాదే. ‘బాబాయ్ పేరు వద్దులెండి మాస్టారూ, చీటీ కావాలి నాకు’ అని సుందరి చెయ్యి ఆపింది. నేనేటన్నానో తెలుసా? భయపడేవాళ్ళకి ఏ భాషా రాదన్నాను. ఎంత గొప్ప మాట! ఆ మాటకి సిగ్గుపడి రాసింది పాపం.

మరి నువ్వడిగినప్పుడు నా గొప్ప మాటలేమయ్యాయి? నీ చొక్కా జేబులో ఉన్నాయి. బడిలో మాస్టారు పనికి నా చీటీ ఆవేళ నీ జేబులోంచి కొస కనిపిస్తోంది. నీ మొహం చూడలేదు బాబాయ్, ఆ కొసనే చూస్తున్నాను. సుందరి అన్నాను. చీటీ ఇచ్చేవు. తీసుకుని లాల్ సలాం అన్నాను.

ఇదిగో ఆ చీటీ. నువ్వే ఉంచు. నన్ను యూనియన్‌లోంచి తీసెయ్, హాలుకి తాళం పెట్టుకో, వీధిలో నిలబెట్టి తిట్టు. అంతా పడతాను.

నిన్న సుందరి కుళాయి దగ్గర కనిపించి, ‘నా పేరు ఎవరు చెప్పుంటారు మాస్టారూ?’ అంది. పోనీలే అన్నాను. పోనీలే! ఇక్కణ్ణుంచి తిన్నగా వాళ్ళింటికే వెళ్తున్నాను. చెప్పేస్తాను. మొహాన ఉమ్మేస్తే తుడుచుకుంటాను.

కానీ ఆ పిల్ల దరఖాస్తుకి శనివారమే ఆఖరు. చీటీ అందేక సర్టిఫికెట్టు రాయడానికి ఆ గుమాస్తాకి రెండు రోజులు కావాలి. ఇస్తావా, ఇవ్వవా? చూద్దాంలే అనకు బాబాయ్, చూద్దాంలే అంటే లేదనే. ఇవ్వనంటే ఎందుకివ్వవో కాగితం మీద రాసి, దాలమ్మ అత్త చేతిలో పెట్టు. నాకు కాదు, ఆవిడకి జవాబు చెప్పు.

రెండువేల సంవత్సరం, జులై పన్నెండు, బుధవారం, సాయంత్రం ఐదు గంటల లోపు చీటీ గానీ జవాబు గానీ ఆవిడకి అందాలి.