వాల్వు బంద్ చేసిన్నా, లేదా?

"తాతా, గ్యాస్ బంద్ చేసిన్నా అని అడిగితె అందరు చెప్తరు. నువ్వొక్కనివే చెప్పవేంది?"

అడిగినవా? ఎప్పుడు అడుగుతవా అనే సూస్తున్న. కూసో బిడ్డా. కోపం గాదు, నీ మీద నాకెందుకు కోపం. మీ అమ్మ చెప్తది గద, బంద్ చేసినవ్ బిడ్డా, బంద్ చేసినవ్ అని, పొద్దుందాక చెప్తనే ఉంటది. నేను చెప్ప. ఎందుకో ఇను.

నేను గడ్డపోతారం దిక్కు మందుల కంపెనీల ఆపరేటర్ చేసిన, తెలుసు గద. మీ అమ్మమ్మ తమ్ముడు పెట్టిచ్చిండు నన్ను. మీ అమ్మ గౌనేసుకొని బడికి పోతుండె అప్పుడు. చాయ్ అర్ధ రూపాయి... కాదు కాదు, అప్పటికి రూపాయి అయ్యింది. సరె, గది పక్కకు పెట్టు. పెద్ద ట్యాంకుల సాల్వెంట్ ఉంటది, పెట్రోలు లెక్క జల్ది అంటుకుంటది. దాని వాల్వు తిప్పుడు, బంద్ చేసుడు నా పని. షిఫ్టు దిగేటోడు వాల్వు మీద చెయ్యి పెట్టి 'బంద్' అనాలె, ఎక్కేటోడు గూడ చెయ్యి పెట్టి 'సూసిన' అనాలె. మా కాడ గదీ పద్ధతి. నా తర్వాత ఎక్కేది భిక్షపతి, నా దోస్తు.

ఒకనాడు ఎప్పటి లెక్కనే బంద్ అన్న, భిక్షపతి సూసిన అన్నడు, పోయి కంపెనీ బస్సుల కూసున్న. కూసుంటనే మనసుల పడ్డది, నిజంగ బంద్ చేసిన్నా అని. అంతే బిడ్డా. షెడ్డు కాలుతున్నట్టు, భిక్షపతి అండ్ల ఉన్నట్టు కండ్ల ముంగట కనపడ్డది. నా చేతులతోని నేనే సంపినట్టు. దిగి ఉరికిన. సూస్తె బందే ఉన్నది. పానం నిమ్మళమయ్యింది. గా నిమ్మళం కోసమే మర్నాడు మల్ల ఉరికిన, ఆ మర్నాడు మల్ల.

నాకు ఇప్పటికీ సమజ్ గాదు. చెయ్యికి ఎర్క, కంటికి ఎర్క, బంద్ చేసిన అని. మనసుకే నమ్మకం లేదు. గిదేం ఇచ్చంత్రం చెప్పు?

బస్సు నన్ను ఇడిసిపెట్టి పోతుండె. భిక్షపతిని సూసిన అను, ఇంకోసారి అను అని సతాయిస్తుంటి. పాపం, అంటుండె. ఇంటికొచ్చి మీ అమ్మమ్మను అడుగుతుంటి. ఆమె కంపెనీ గేటు గూడ సూడలే, ఆమెకేం ఎర్క? అయినా బంద్ చేసినవయ్యా అంటుండె. అన్నంకనే నేను అన్నం ముట్టేటోన్ని. నవ్వకు. ఆ, సరె నవ్వు, నవ్వొచ్చేదే.

ఇగ బంద్ ఉన్నదాన్నే ఇంకా బిగిస్తుంటి. ఉన్న బలమంత పెట్టి బిగిస్తుంటి. ఒకరోజు వాల్వు కారుడు మొదలువెట్టింది. ఫిట్టరు ఇప్పి సూసి, లోపలి వాషరు నలిగి పిప్పయ్యింది, ఎవడయ్యా గింత బిగిచ్చింది అన్నడు. భిక్షపతి నా దిక్కు సూసిండు. ముందుగాలనే పట్టిన్రు, ఎవలకేం గాలే. కని నేను దేనికి భయపడి తిరిగిన్నో, గదే తెచ్చుకున్న.

భిక్షపతే నన్ను, మీ అమ్మమ్మను పట్నం తోలుకపోయిండు, మనసు డాక్టరు కాడికి. ఎవలన్న సూస్తె పిచ్చోడంటరని రుమాలు కప్పుకొని పోయిన. డాక్టరమ్మ అంత ఇని, దీనికి పేరుంది, ఓసీడీ అంటారు, మీలాంటి వాళ్ళు రోజూ వస్తారు అన్నది. పేరున్నదా అని సంబురమయ్యింది నాకు. నేనొక్కన్నే అనుకున్న గద అప్పటిదాక. గోలీలు రాసిచ్చింది. ఆ గోలీల పొడి మా దిక్కే తయారయితుండెనేమో, ఎవలకెర్క.

మీ అమ్మమ్మతోని మాత్రం, ఆయన అడిగితే జవాబు చెప్పకండి అన్నది. ఆయన పరేషాన్ అయితడమ్మా అన్నది మీ అమ్మమ్మ.

"కానీయండి. భయం రానీయండి, దానంతటదే దిగుతుంది. మీరు చెప్పినకొద్దీ అది మళ్ళీ అడుగుతుంది."

ఆ రోజు అన్నం కాడ అడిగిన. నాకేం ఎర్క అన్నది. పళ్ళెం తోసేసిన బిడ్డా, గంత కోపమొచ్చింది. ఆమె లేవలే. వచ్చి నా పక్కకు కూసున్నది. పానం పోతదన్నంత భయం. సరె, ఎంతదాక పోతదో సూద్దామని నేను గూడ కూసున్న. నమ్ముతవా, జెర సేపటికి దిగింది. నేను వాల్వు ముట్టలే, ఎవలు ఏం చెప్పలే, అయినా దిగింది. మర్నాడు మల్ల వచ్చింది, మల్ల కూసున్నం. చాన దినాలు పట్టింది. ఇప్పటికీ వస్తది అప్పుడప్పుడు. రానిస్త.

తర్వాతెప్పుడో చెప్పింది మీ అమ్మమ్మ. బంద్ చేసినవయ్యా అనే మాట నోటిదాక వస్తుండెనట, మింగుతుండెనట. గంత ప్రేమ నాకు ఇంకెవలు చెయ్యలే.

నిన్ను సూస్తున్న గద. పొయ్యి కాడికి పోతవు, ముడుతవు, వస్తవు, మల్ల పోతవు. సోమవారం మనిద్దరం పోదాం డాక్టరు కాడికి. రుమాలు గిట్ల వద్దు, మంచిగ ఆటోల కూసొని పోదాం.

ఏంది, లేస్తున్నవ్? గ్యాస్ కాడికా?

నాకేం ఎర్క బిడ్డా.

కూసో. నేను గూడ కూసుంట. చెయ్యి ఇటియ్యి... వచ్చిందా? రానీ. ఎంతసేపుంటదో సూద్దాం. సల్లగుండు నా తల్లి, సల్లగుండు...