విగ్రహానికి ఫొటో కావాలంట

ఎవరూ, కౌశికా? రా, ఆ స్టూలు ఇటు లాక్కో. మిరపకాయ తొక్కమాక, నిన్ననే ఆరబోశాం. ఏందీ, ఫొటోనా? మా వెంకటనారాయణ మాస్టారిదా? విగ్రహానికా! ఎవరు పెడతన్నారు? మన కుల సంఘమా? ఓరి మీ దుంప తెగ! పొద్దున సెంటర్లో ఫ్లెక్సీ చూశాలే. ఆయన పేరు చివర కులం తగిలించారు. ఆ తోక ఆయన ఉద్యోగంలో చేరకముందే పీకి పారేశారురా. ఆయన పోయిన నలభై ఏళ్లకి మీరు మళ్లీ అతికించారు.

ఆయన గురించి నీకేం తెలుసు? సోషల్ మాస్టారు, అంతేగా. బడి అయ్యాక ఇదే కల్లంలో కూర్చోబెట్టి మా కుర్రాళ్లందరికీ పాఠం చెప్పేవారు. పాఠమంటే అశోకుడు చెట్లు నాటించాడని కాదు. చరిత్ర అంటే ఏంది, సమాజం ఎట్టా మారుద్ది, అసలు మారుద్దా, ఇయ్యీ ఆయన పాఠాలు. ఒంగోలు పోయి లావు లావు ఇంగ్లీషు పుస్తకాలు మోసుకొచ్చేవారు. జర్మనీ వాడొకడు అన్నాడంట, సమాజం మెట్లెక్కినట్టు ఒక్కో దశా దాటుకుంటా పైకే పోద్దని. ఫ్రాన్సు వాడొకడేమో, మెట్లూ లేవు పాడూ లేదు, ఎవడి చేతిలో పెత్తనముంటే వాడు చెప్పిందే చరిత్రన్నాడంట. మాకు తల తిరిగిపోయేది. మొదట్లో మాస్టారు జర్మనీ పక్షం. 'రోడ్లు పడతాయి, కాలేజీలొస్తాయి, చేతిలో నాలుగు డబ్బులాడతాయి, కులం దానంతటదే రాలిపోద్దయ్యా' అనేవారు. అన్నీ వచ్చాయి. ఏం రాలిందిరా? నవ్వుతావేంది, నీ మోటార్‌సైకిల్ నంబరు ప్లేటు మీద ఏం రాసుందో చూసుకో పో!

ఆఁ, ఏం చెప్తన్నా... జాన్‌బీ. మా కల్లంలో తాలు ఏరేదానికి వచ్చేది. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబడ్డ తాలు ఒక పక్కకి. పని దిగాక ఆమె కూడా వచ్చి పాఠం వినేది. మాస్టారు ఆ కుప్పలే చూపించి, 'చరిత్ర పుస్తకం కూడా ఇట్టా ఏరిందేనయ్యా. అందులో ఎవరున్నారని కాదు, ఎవరిని ఏరి పక్కన పడేశారో అది అడగండి' అనేవారు. చెప్పీ చెప్పీ ఆయన గొంతు ఆరిపోతే జాన్‌బీ గ్లాసుడు మజ్జిగ పోసిచ్చేది. తాగేవారు. అంతేరా. అదే నేరం! మీ సంఘం అధ్యక్షుడున్నాడే రామకాంత్, వాళ్ల నాన్న ఇంట్లోనే మాస్టారు అద్దెకుండేది. ఆ పెద్దమనిషి అరుగెక్కి ఊరంతా వినపడేట్టు, 'ఏమయ్యా, మనవాడివని ఇల్లిస్తే కూలోళ్ల చేతి నీళ్లు తాగుతావా? మా పరువేం గాను?' అని అరిచాడు. మాస్టారు ఏమన్నారో తెలుసా? 'నీళ్లు కాదండీ, మజ్జిగ' అన్నారు. ఆ సాయంత్రమే ఆయన పుస్తకాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఊళ్లో మనవాళ్లు ఒక్కరంటే ఒక్కరు గది ఇచ్చారా? ఇవ్వలా! జాన్‌బీ వాళ్ల వసారాలో మంచమేసుకున్నారు. జ్వరమొచ్చి అక్కడే పోయారు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, 'దానంతటదే రాలిపోద్దని చెప్పాను చూడు, అది తప్పురా. ఏదీ దానంతటదే రాలదు' అన్నారు. పాడె మోసేదానికి మీ సంఘం పెద్దల్లో ఒక్కడూ గడప దాటలేదు. జాన్‌బీ మొగుడు బుడే సాయిబు మోశాడు, మేం కుర్రాళ్లం మోశాం. ఇయ్యాల దండలు పట్టుకుని వస్తారంట, సిగ్గూ శరమూ లేకుండా! తాలు కూడా ఊరికే పారేయరులే, రంగు కలిపి కారంలో పోస్తారు. మాస్టారినీ అట్టాగే రంగేసి అమ్ముకుంటన్నారు మీరు.

ఫొటో ఉంది. లేదని ఎందుకు చెప్తా? ఉన్నది ఇదొక్కటే. వినుకొండ నుంచి స్టూడియో అతను వచ్చి, 'మాస్టారొక్కరూ కుర్చీలో కూర్చోండి' అంటే, 'అందరం ఉంటేనే తీయి' అని ఈయన పోయి ఇదిగో, ఈ చివర గొంతుక్కూర్చున్నారు. ఇది నేను, అప్పట్లో ఎంత జుట్టో చూడు. ఈమే జాన్‌బీ. సరిగ్గా మజ్జిగ అందిస్తంటే నొక్కాడు అతను. ఎంత చక్కగా నవ్వుతందో చూశావా. ఆమె కూడా పోయిందిలే. ఆమెకి ఏ ఫ్లెక్సీ కట్టారు?

ఫోన్లో తీసుకుంటావా? తీసుకో, ముట్టుకోమాక, అంచులు చిరుగుతాయి. ఏందిరా వేళ్లతో అట్టా లాగుతన్నావు? పెద్దది చేస్తన్నావా? ఏదీ, ఇటు చూపించు. జాన్‌బీ ఏదిరా? మాస్టారొక్కరే ఉన్నారేంది? విగ్రహానికి ఒక్కరు చాలంటావా? ఎవరన్నారు, రామకాంతా? మరి ఈ పక్కన గాజుల చెయ్యి మిగిలిందే, గ్లాసు పట్టుకుని. అదెవరిదని చెప్తారురా?

ఏందీ? ఆ చెయ్యి కూడా చెరిపేస్తదా? ఫోనే చెరిపేస్తదా?

లే. మబ్బు పట్టింది. కాయ తడుస్తది, పట్ట కప్పాలి. ఆ కొస పట్టుకో.