కాయ చూడలేదు

వదినగారికీ, పిల్లలకీ, ఎండనపడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. మాస్టారి సంతాపసభలో నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచారు నన్ను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వస్తోంది, క్షమించండి. మా హెర్బేరియంలో, అంటే ఆ ఎండుమొక్కల బీరువాల మధ్య, ఆయనా నేనూ ఇరవయ్యేళ్లు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. అక్కడ ఆయన్ని అందరూ "ఆగుదాం మాస్టారు" అనేవాళ్లు. ఏది అడిగినా "ఆగుదాం" అనేవారు. అన్నిటికీ ఆగిన మనిషి దీనికి మాత్రం ఆగలేదు. ఏమనాలి ఈయన్ని?

ఈయనతో వేగడమంటే ఏమిటో వదినగారిని అడగండి. పొద్దున్నే వచ్చిన పేపరు ఇంకా ఎవరూ మడత విప్పకముందే, మొక్కలు నొక్కి ఆరబెట్టడానికి పట్టుకుపోయేవారు. "మా ఇంట్లో పేపరు చదివేది మొక్కలేనండీ" అనేవారావిడ.

మా జీపు డ్రైవరుని అడగండి, అదుగో, వెనక నిలబడ్డాడు. ఒక గుట్ట కింద, ఒక్క మొగ్గ విచ్చుకునేదాకా జీపు కదలనివ్వలేదు. తిండి లేదు, నీడ లేదు. "పెళ్లికూతురి ముస్తాబుకి కూడా ఇంతసేపు పట్టదు సార్" అన్నాడు పాపం. ఈయన నవ్వారు. కదిలారా? కదల్లేదు!

ఆ మొగ్గ సంగతే చెబుతాను. గుట్ట వాలులో ఊదారంగు పూల పొద. తెలిసిన మొక్కేలే అనుకున్నాం మేం. ఈయన లెన్సు పెట్టి ఆకు అడుగున నూగు చూసి, పువ్వు విప్పి కేసరాలు లెక్కపెట్టి, ఇది ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అన్నారు. బీరువాలన్నీ తిరగేశాం. నిజమే! ఎగిరి గంతేశాను నేను. వర్ణన రాశారు, బొమ్మ గీయించారు, నమూనా భద్రపరిచారు. ఇక ప్రచురించడమే తరువాయి. అప్పుడన్నారు, "కాయ చూడలేదు కదా, ఆగుదాం."

కాయ లేకపోయినా ప్రచురించవచ్చు మహానుభావా! "కాయ చూడలేదు" అని రెండు మాటలు రాస్తే చాలు. లోకమంతా రాస్తుంది. ఈయనకి చెయ్యి రాదు! ఒక ఏడాది కాయ పట్టకముందే మేకలు మేశాయి. మరో ఏడాది పూతంతా వానకి రాలిపోయింది. ఈ ఏడాది ఆయనే మంచాన పడ్డారు. ఈలోగా ఆ వాలు మీదుగా రోడ్డు వేస్తామన్నారు. మొక్కని కాపాడమని అడగాలంటే దానికి ప్రచురించిన పేరుండాలి. పేరు లేని మొక్కని చూసి పొక్లెయిన్ ఆగుతుందా? నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. విన్నారా?

ఆసుపత్రికి పూలు పట్టుకెళ్లాను. ఎలా ఉన్నారని నేనడిగేలోపే గుచ్ఛంలోంచి ఒక పువ్వు లాగి, రేకులు విప్పి దుప్పటి మీద పరిచారు. నర్సు కేకలేసింది. ఆమె వెళ్లాక మెల్లిగా అన్నారు, "తెలియనిది తెలియదని రాయడానికి నాకు సిగ్గు లేదోయ్. ఓపిక పడితే కనిపించేదాన్ని చూడలేదని ఎలా రాయను?" ఇలాంటి మనిషితో వాదించి ఎవరు గెలుస్తారు?

నేను గెలిచాను మిత్రులారా. నిన్న గుట్ట ఎక్కి చూశాను. ఇంకా పిందెలే ఉన్నాయి. అవి ముదిరేదాకా రోడ్డు వాళ్లు ఆగరు, సున్నంతో గుర్తులు కూడా పెట్టేశారు. ఈ ఉదయం వదినగారిని అడిగి, ఆయన వర్ణన చివర ఆ రెండు మాటలూ నేనే రాసి పత్రికకి పంపేశాను. రచయితగా ఆయన పేరే పెట్టాను. పంపాక, బల్లకి అవతలినుంచి కసురుతారేమోనని కాసేపు అలాగే కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి గెలిచాను. నాకొద్దండీ ఈ గెలుపు.

దయచేసి అందరూ లేవండి. ఒక్క నిమిషం, ఏమీ మాట్లాడకుండా ఆయన కోసం నిలబడదాం.