సదూభావూ ఆపిన రెండు సెకన్లు

పుణెలో బాణేర్ రోడ్డు మీద వాన మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. లింబాజీ టీకొట్టు రేకుల కింద నిలబడ్డ కేతకీ ఆగాశే చేతిలో చాయ్ చల్లారిపోతోంది, కళ్ళు మాత్రం ఫోన్ మీదే. ఐదింటికల్లా తప్పుకి కారణం దొరక్కపోతే ఆమె ఎనిమిది నెలలు రాసిన ప్రోగ్రామంతా పక్కన పడేసి పాతదే పెడతామని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు. ఇప్పుడు నాలుగుంబావు.

ఫైళ్ళు దాచిపెట్టడం వాళ్ళ కంపెనీ పని. ఒక్కో ఫైలునీ ముక్కలు చేసి, ఊరికో యంత్రంలో ఒకటి చొప్పున మూడు ప్రతులు ఉంచుతారు. ఆ ముక్కల్ని మోసుకెళ్ళే కూలీల్లాంటివి థ్రెడ్లు. కేతకీ పెద్ద పెద్ద ఫైళ్ళ కోసం కొత్తగా రాసి పెట్టిన రోజు నుంచీ ఆ కూలీలు దారిలోనే కుప్పకూలుతున్నారు. దగ్గర కూర్చుని కనిపెడితే ఒక్కటీ పడదు, కన్ను తిప్పితే నలభై పోతాయి. మూడు వారాలుగా తన రాతలో ప్రతి లైనునీ, మనసిచ్చినవాడి ఉత్తరం చదువుకున్నట్టు, ఏ మాట వెనక ఏముందో అని చదువుతూనే ఉంది. ఏమీ లేదు.

బల్ల మీద కూర్చున్న, ఆఫీసులో అందరికన్నా పాతకాపు సదానంద్ ఘాటపాండే, అందరికీ సదూభావూ, అంటే సదూ అన్న, కాలు మీద కాలేసుకుని మాట అందుకున్నాడు.

"ఈ కాలం పిల్లలకి నాలుగు థ్రెడ్లు చస్తే జ్వరమొస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట, ఇదే శ్రావణం, ఒక యంత్రం మొరాయిస్తే నేనెళ్ళి చూశాను. గొప్పేం కాదులే. చూస్తే ఏముంది, మోసేవాడు ముక్కని దించకముందే వెనక, పనైపోయిన చోటు ఖాళీ చేసే ఊడ్చే థ్రెడ్ వచ్చి వాడి కాళ్ళ కింద నేలంతా ఊడ్చేస్తోంది. వాడు పడక ఏం చేస్తాడు? ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా?"

"చెప్పండి భావూ," అన్నాడు పక్కన ఉల్లిపాయ భజీ నములుతున్న తోటి ఉద్యోగి పరాగ్. వాడికి ఈ కథ మూడోసారి.

"యంత్రానికి చెవి ఆనించాను. నాలుగు వేల థ్రెడ్లు, దేని ఊపిరి దానిదే."

"పోయినసారి నాలుగు వందలన్నారు."

"నువ్వు దడుచుకుంటావని తగ్గించాన్రా. ఆ ఊపిరిని బట్టి ఊడ్చేదాన్ని కనిపెట్టి, చెవి మెలేసి, 'ఒసేయ్, రెండు సెకన్లు ఆగి ఊడువు' అన్నాను. ఒక్క లైను రాశాను, అంతే. ఆగింది. దాన్ని చూసి సింగపూరులో ఉన్నవీ ఆగాయి. కానీ యంత్రాల గడియారాలన్నీ తగువుకి దిగాయి, నా టైమంటే నా టైమని. ఎన్నిటికని సర్దను? మేడెక్కి సూర్యుడితోనే మాట్లాడాను. 'బాబూ, రెండే రెండు సెకన్లు' అని."

"ఆగాడా సాహెబ్?" లింబాజీ పొంగుతున్న పాలమీంచి కళ్ళు తిప్పకుండానే అడిగాడు.

"ఆగక? ఆ మధ్యాహ్నం పుణె అంతా రెండు సెకన్లు ఎక్కువ కునుకు తీసింది. ఇక పోయాయనుకున్న ఫైళ్ళు నాగపూర్ నుంచి కాలినడకన వచ్చాయయ్యా, బురద కాళ్ళతో. గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుని, వరసగా వెళ్ళి దేని చోట అది కూర్చున్నాయి. అందులో ఒకటి నా కాళ్ళకి దణ్ణం పెట్టి..."

"సదూభావూ."

కేతకీ ఫోన్ సంచిలో పడేసింది.

"ఊడ్చేదాన్ని ఆపిన ఆ లైను ఇంకా ఉందా?"

"ఉండదా మరి? దాని మీద చెయ్యేసే మొనగాడు పుట్టలేదు."

"రెండు సెకన్లయ్యాక, మోసేవాడు దించాడో లేదో అడిగి ఊడుస్తుందా?"

"అడగడమెందుకు అమ్మాయ్? ఎంత బరువైనా రెండు సెకన్లలో దించడూ?"

"నా ఫైళ్ళకి మూడు సెకన్లు పడుతుంది."

పరాగ్ నమలడం ఆపాడు.

"నేను అడుగడుగూ నమోదు చేయిస్తూ కనిపెట్టి కూర్చుంటే, ఆ రాతకోతలతో మీ ఊడ్చేదీ నెమ్మదిస్తుంది, అందుకే నా ఎదుట ఒక్కటీ పడలేదు," అంది కేతకీ. "మీరు దానికి మందు వెయ్యలేదు భావూ, వాయిదా వేశారు. ఆ వాయిదా నా నెత్తిన పడింది."

సూర్యుణ్ణి ఆపిన సదూభావూ గ్లాసు కింద పెట్టి, కాలు మీద వేసిన కాలు దించాడు.

"అడిగి ఊడ్చమని రాయాలంటే ఎన్ని లైన్లవుతాయి?" అడిగింది కేతకీ, అప్పటికే గొడుగు విప్పుతూ.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"నాలుగు."

"నాలుగు వేలా సాహెబ్?" అన్నాడు లింబాజీ.

"నాలుగే," అన్నాడు సదూభావూ తలెత్తకుండా, చెప్పుల కోసం బల్ల కింద వెతుక్కుంటూ. "పద అమ్మాయ్, నేనే చూపిస్తాను."