పంటా? మంటా?

పొగాకు ఎండబెట్టే కొట్టం ముందు కూలీలు గుమిగూడారు. మధ్యలో రైతూ, పొగాకు సాగు మాన్పించమని విదేశీ ఆరోగ్య సంస్థ పంపిన సలహాదారు అమ్మాయీ.

“పొయ్యిలో మంట ఎందుకు ఆర్పేశారు బాబాయ్?”

“నువ్వేగా తల్లీ, ఫోన్‌లో ‘మంట ఆర్పండి’ అన్నావు!”

“అయ్యో! ‘పంట మార్చండి’ అన్నాను. అదీ వచ్చే ఏడాదికి!”

“రెండూ అయిపోయాయిలే. మంట ఆరింది, పంట మారింది. ఆకు మొన్న పసుపు, ఇవాళ నలుపు. ఆరనిది నా కడుపుమంటే!”

“ఆకు సగం ఎండకుండానే ఆర్పమంటే అనుమానం రాలేదా?”

“వచ్చింది. ఈ పొగకే కదా మీ పిన్నికి దగ్గు, అందుకే చెప్పావనుకున్నా.”

ఆమె కూలీల వైపు తిరిగింది.

“అందరూ వినండి! నేనన్నది పంట మార్చమని, మంట ఆర్పమని కాదు. వెలిగించండి, మిగిలిన ఆకన్నా దక్కుతుంది.”

“ఆ ముక్క ఇంట్లో ఉన్న మీ పిన్నికి కూడా నువ్వే చెప్పు తల్లీ. రెండు రోజులుగా దగ్గలేదు. ఇక పొయ్యి వెలగదని సంబరపడుతోంది.”