వెనక గొట్టం నీళ్ళు

చోడవరం దగ్గర ఒక ఊరు. మంచినీళ్ళ ప్లాంటు నడిపే సత్యారావు, అతని ఇంట్లో పనిచేసే అచ్చియ్యమ్మ. రెండు ఖాళీ బిందెలు.

“అది కాదు బాబూ, ఆ నీళ్ళ మిషన్లో పలకలకి కరెంటు పెడితే ఏటవుద్దో సెప్పు.”

“నీకెందుకు అచ్చియ్యమ్మా అయ్యన్నీ?”

“సెప్పు.”

“మన బోరునీళ్ళలో ఫ్లోరైడు ఉంటాది. కరెంటు పెడితే పలకలు దాన్ని లాగి పట్టుకుంటాయి. మంచినీళ్ళు ముందు కుళాయిలో వస్తాయి.”

“పట్టుకున్నది ఏటి సేస్తాయి?”

“పలకలు నిండిపోతే కరెంటు తిరగేస్తాను. అంతా వదిలేస్తాయి. ఆ కడిగిన నీళ్ళు బయటికి పోతాయి.”

“వెనక గొట్టంలోంచి.”

“బయటికన్నాను కదా.”

“నన్ను నీళ్ళు పట్టుకోమన్నావు సూడు, ఆ గొట్టం.”

“డబ్బు కట్టి నీళ్ళ కార్డు తీసుకోనోళ్ళకి ముందు కుళాయి ఇప్పితే ఊళ్ళోవోళ్ళు ఊరుకుంటారేటి? ఎలాగూ పారబోసే నీళ్ళే, వాడుకోమన్నాను.”

“తాగొచ్చా అనడిగేను. అవీ నీళ్ళే కదా అన్నావు. నవ్వేవు కూడాను.”

“బోర్డుంది కదా అక్కడ! ఎర్రరంగుతో రాయించేను, తాగరాదని.”

“అప్పుడు నాకు సదువొచ్చా?”

“అది నా తప్పా?”

“మా మనవరాలు దేవిశ్రీకి కొత్తగా వచ్చిన పళ్ళన్నీ గోధుమరంగు మచ్చలే. మొన్న మీ ఇంటికొస్తే తుప్పట్టిన మేకులన్నావు.”

“సరదాకన్నాను. మా బాబీగాడు కూడా పడీపడీ నవ్వేడు. ఆడి పళ్ళు సూసేవా? మల్లెమొగ్గలు!”

“సూసేను. మూడేళ్ళ గుంటడు కదా.”

“సరే, బిందెలు నింపుకెళ్ళు. మా ఇంటికి ముందు కుళాయిది, నీకు వెనకది... ఉండుండు. అప్పుడు సదువు రాదన్నావు. ఇప్పుడొచ్చా?”

“సంఘం మేడం నేర్పింది. ఉగాది ముందు ఆ బోర్డు కూడబలుక్కుని సదివేను. తా, గ, రా, దు.”

“ఉగాది ముందా? దసరా కూడా ఎళ్ళిపోయింది! ఇంకా పట్టుకెళ్తన్నావేటి?”

“రెండు బిందెలూ నేనే కదా మోసేది.”

“అయితే?”

“నువ్వేటి అనుకోకు. రెండూ ఒకేలాటి బిందెలు.”

“అచ్చియ్యమ్మా, మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతన్నారు?”

“ముందు కుళాయివి.”

“మరి మా ఇంట్లో దింపేది?”

“అవీ నీళ్ళే కదా బాబూ.”

“ఒసే! ఆరు నెలలు దాటిందే! మా బాబీకి ఏటీ అవ్వలేదు కదా... పొద్దున్నే సూసేను, ఆడి పళ్ళు తెల్లగానే ఉన్నాయి కదా!”

“పాలపళ్ళు బాబూ. మా గుంటవీ ఊడేదాకా తెల్లగానే ఉండేవి.”